మూడు వైపులే కంచె

1995 ఎండాకాలంలో నన్ను ఆఫ్రికా పంపించారు. అప్పటికి నేను బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో థియేటర్ సిస్టర్‌ని. థియేటర్ అంటే ఆపరేషన్ గది. కెన్యాలో ఒక చిన్న ఊళ్ళో ఉచిత కంటి శిబిరం పెడుతున్నామనీ, వెళ్ళే బృందానికి నేనే లీడర్‌ననీ ఆఫీసులో చెప్పారు. డాక్టరు ఉండగా నర్సు లీడరేమిటని మీకు అనిపించొచ్చు. శిబిరంలో డాక్టరుగారి చేతులు పొద్దున్నించి సాయంత్రం దాకా ఆపరేషన్ టేబుల్ దగ్గరే ఉంటాయి. మనుషుల్నీ, సామాన్నీ, మందుల్నీ, పాస్‌పోర్టుల్నీ చూసుకోవడానికి ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు ఎప్పుడూ సీనియర్ సిస్టరే.

మొన్న ఫోన్లో మీరిద్దరూ అడిగారు కదా, అమ్మమ్మా నువ్వు నిజంగా సింహాన్ని చూశావా అని. చూశాను. కానీ సింహం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ రోజు గురించి చెప్పాలంటే రాజమల్లు గురించి చెప్పాలి, అది ఫోన్లో అయ్యే పని కాదు. అందుకని రాస్తున్నాను. నా రాత అర్థం కాని చోట మీ ఇంట్లో పనిచేసే లక్ష్మిని అడగండి. తనదీ మా వైపే, అమలాపురం దగ్గర. మస్కట్‌లో పుట్టిన మీకంటే తనకి తెలుగు బాగా వచ్చు.

రాజమల్లుది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఊడ్చి తుడిచే పనికని లేబర్ వీసా మీద మా ఆసుపత్రికి వచ్చాడు. ఆటోక్లేవ్ నడిపే మనిషి మానేసి వెళ్ళిపోతే ఆ పని నేనే ఇతనికి నేర్పించాను. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది అనుకోండి. గుడ్డలూ, కట్లూ, గౌన్లూ స్టీలు డ్రమ్ముల్లో సర్ది, అందులో ఆవిరి మీద ఉడికిస్తాం. డ్రమ్ము పక్కన చిన్న కిటికీలుంటాయి. లోపల పెట్టేటప్పుడు అవి తెరిచి ఉంచాలి, తీయగానే మూసెయ్యాలి. పైన ఒక టేపు అంటిస్తాం. ఆవిరి సరిగ్గా తగిలితే ఆ టేపు మీద నల్లటి గీతలు తేలతాయి. గీతలు రాని డ్రమ్ముని థియేటర్‌లోకి రానివ్వకూడదు. రాజమల్లు పని నేర్చుకున్నాక గీతలు రాని డ్రమ్ము నా దాకా ఎప్పుడూ రాలేదు.

అదే అతనికి చెరుపు చేసింది. ఒప్పందం ముగిసి చాలా కాలమైనా అతనికి లీవు దొరకలేదు. మా ఆసుపత్రి యజమానిని అందరం కఫీల్ అనేవాళ్ళం. మన వీసా ఎవరి పేరు మీద ఉందో ఆయనే కఫీల్. రాజమల్లు లీవు అడిగినప్పుడల్లా ఆయన హిందీలో మెత్తగా ‘అగలా మహీనా’ అనేవాడు. వచ్చే నెల అని. నువ్వు వెళ్తే ఆటోక్లేవ్ ఎవరు చూస్తారని అడిగేవాడు. పాస్‌పోర్టు చేతిలో ఉంటే తప్ప ఎవరూ ఎక్కడికీ పోలేరు. అందరి పాస్‌పోర్టులూ ఆఫీసు ఇనప్పెట్టెలో ఉండేవి. నాదీ అక్కడే. కఫీల్‌ని చెడ్డమనిషని నేను అనను. జీతాలు ఏనాడూ ఆపలేదు. ఆఫ్రికా శిబిరం ఖర్చంతా ఆయన సొంతం. రంజాన్‌లో స్టాఫ్ గదులకి తన కారులోనే భోజనాలు తెచ్చేవాడు. లీవు దగ్గర మాత్రం వచ్చే నెలే.

అలా ఒక వచ్చే నెలలో రాజమల్లు తండ్రి ఊళ్ళో చనిపోయాడు. తలకొరివి పాలివాడు, అంటే దాయాది, పెట్టాడు. రాజమల్లు ఆ రోజు కూడా డ్యూటీకి వచ్చాడు. నేను టీ తెప్పించి ఇచ్చాను, తాగాడు.

ఇక్కడ కేసెట్ల గురించి చెప్పాలి. అప్పట్లో జగిత్యాల వైపు వాళ్ళకి ఉత్తరాల కంటే కేసెట్ల మీద గురి ఎక్కువ. ఇంట్లో రాయడం రాని ఆడవాళ్ళు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఊరి నుంచి దుబాయికి ఎవరొస్తే వాళ్ళ చేత ఆ కేసెట్ పంపేవాళ్ళు. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళకి దుబాయే. మనామాలోని గుదైబియా పేటలో ఒక లాండ్రీ పై గదిలో రాజమల్లు తన ఊరివాళ్ళతో కలిసి ఉండేవాడు. కేసెట్ వస్తే గదిలోవాళ్ళందరూ వినేవాళ్ళట. వాళ్ళమ్మ, బర్రె ఈనడం దగ్గర మొదలుపెట్టి, ఊళ్ళో ఎవరెవరు ఎవరితో మాట్లాడడం మానేశారో అంతా చెప్పి, చివరికి తిన్నావా అని అడిగేదట. అది విని పక్కమంచంవాడు, ‘మా అవ్వ గూడ గిన్ని ముచ్చట్లు చెప్పది’ అని కుళ్ళుకునేవాడట.

ఆఫ్రికా వెళ్ళే ముందు రోజు ఊరి నుంచి ఒకతను కేసెట్ తెచ్చాడు. రాజమల్లు దాన్ని సంచిలో వేసుకుని బయల్దేరాడు.

లీవు ఇవ్వడానికి వీల్లేదన్న మనిషిని ఆఫ్రికా ఎందుకు పంపారని మీరు అడగాలి. అక్కడా ఆటోక్లేవ్ నడపాలి కదా, అందుకు. ఆఫీసువాళ్ళు ఇనప్పెట్టె తెరిచి మా పాస్‌పోర్టులన్నీ నా ముందు పెట్టారు. అందర్నీ తిరిగి తీసుకొస్తానని సంతకం పెట్టి, వాటిని నీలం గుడ్డసంచిలో వేసి భుజానికి తగిలించుకున్నాను. శిబిరం ముగిసేదాకా ఆ సంచి నా ఒంటి మీదే ఉంది.

శిబిరం ఒక బడిలో పెట్టారు. అక్కడ వ్యాపారం చేసుకునే గుజరాతీ పెద్దాయన మాకు తిండీ, వసతీ చూశాడు. మేం ఆయన్ని సేఠ్ అనేవాళ్ళం. కరెంటు నమ్మకం లేదు కాబట్టి రాజమల్లు కిరసనాయిలు పొయ్యి మీదే ఆటోక్లేవ్ నడిపాడు. డాక్టర్ ప్రసాదరావుగారిది బెజవాడ, ఆయన చెయ్యి మంచిది. శుక్లాలతో చూపు పోయినవాళ్ళు గోడల వెంబడి కూర్చుని ఉండేవాళ్ళు.

శిబిరాల్లో ఒక పద్ధతి ఉంది. రెండు కళ్ళకీ శుక్లం ఉన్నా ఒక కంటికే చేస్తాం. పొరపాటున చీము పడితే రెండూ పోకూడదని. రెండో కన్ను వచ్చే ఏడు. వాంజికు అనే ముసలామె కట్టు నేనే విప్పాను. డాక్టరుగారు టార్చి వేసి చూసి బాగుందన్నారు. ఆమె ముందు తన చేతుల్ని చూసుకుంది, తర్వాత నా ముఖం చూసింది. రెండో కంటిని వేలితో చూపించి, మళ్ళీ ఎప్పుడని దుబాసీ చేత అడిగించింది. వచ్చే ఏడు ఇదే బడికి వస్తామని చెప్పాను.

మధ్యాహ్నాలు ఆవిరి ఎక్కేదాకా పొయ్యి దగ్గర కూర్చుని రాజమల్లు ఆ కేసెట్ వినేవాడు. ఒకసారి నేనూ విన్నాను. అందులో వాళ్ళమ్మ గొంతు లేదు. చెల్లెలు మాట్లాడింది. ‘అన్నా, అవ్వ పండుకున్నది. లేస్తె మాట్లాడిపిస్త’ అంది. తర్వాత మాటలు లేవు. కోళ్ళ చప్పుడు, ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు. టేపు అయిపోయేదాకా అంతే. రెండో వైపు తిప్పితే ఖాళీ.

‘మర్చిపోయి ఆపలేదేమోలే’ అన్నాను.

‘అయి ఉంటది సిస్టరమ్మా’ అని పొయ్యిలో గాలి కొట్టాడు.

ఆఖరి కట్లు విప్పి, రోగుల్ని అక్కడి డాక్టరుకి అప్పగించి మేం నైరోబీ వచ్చేశాం. సాయంత్రం విమానం. ఈలోగా మమ్మల్ని నగరం అంచునే ఉన్న జంతువుల పార్కుకి తీసుకెళ్తానన్నాడు సేఠ్. కఫీల్ కూడా అదే చెప్పి పంపాడు. ఆసుపత్రి పేరు రాసిన బ్యానరు పట్టుకుని, వెనక జంతువులు కనపడేలా ఫోటో తీయించుకు రమ్మని. ఆసుపత్రి హాల్లో పెట్టిస్తాడట.

ఆఫ్రికా అంటే మండిపోతుందని బహ్రెయిన్‌లో అందరం అనుకున్నాం. మబ్బు పట్టి చలిగా ఉంది. ఎవరి దగ్గరా స్వెట్టర్ లేదు. నేను థియేటర్‌లో వాడే ఆకుపచ్చ దుప్పటి కప్పుకుని వ్యాన్ ఎక్కాను. గేటు దగ్గర విదేశీయులు పాస్‌పోర్టులు చూపించాలన్నారు. నేను సంచి విప్పి అన్నీ ఇచ్చాను. కాపలా అతను చూసి తిరిగి ఇస్తే మళ్ళీ సంచిలో వేసి మూతి ముడి వేశాను. రాజమల్లు ఆ ముడి వైపే చూస్తున్నాడని నాకు తెలుసు.

లోపల ఎర్రమట్టి దారి. మన తుమ్మల్లాంటి చెట్లు. జిరాఫీల వెనకాల దూరంగా నగరంలో మేడలు కనిపిస్తున్నాయి. విమానాలు మా తలల మీదుగా కిందకి దిగుతున్నాయి. చారల గుర్రాలు దారికి అడ్డం వచ్చి నిలబడ్డాయి. రాజమల్లు చాలాసేపు చూసి, ‘సిస్టరమ్మా, గిది మన ఆటోక్లేవ్‌ల కెళ్ళి వచ్చినట్టున్నది. టేపు మంచిగ నల్లబడ్డది’ అన్నాడు.

‘అయితే థియేటర్‌లోకి రానివ్వచ్చంటావా?’ అన్నారు డాక్టరుగారు.

‘రానియ్యొచ్చు సార్. డ్రమ్ముల పట్టది, గదొక్కటే కష్టం.’

అందరం నవ్వాం. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

పార్కుకి మూడు వైపులే కంచె ఉందనీ, నాలుగో వైపు కావాలనే వదిలేశారనీ సేఠ్ చెప్పాడు. వానలు పడే చోటుకి జంతువులు వెళ్ళిపోతాయి, మళ్ళీ వాటంతట అవే వస్తాయి. రాజమల్లు హిందీలో అడిగాడు, మరి వీటికి చుట్టీ ఎవరిస్తారు సేఠ్ అని. చుట్టీ అంటే లీవు. వానే ఇస్తుంది భాయ్ అన్నాడు సేఠ్. హాస్యమనుకున్నాడాయన. రాజమల్లు నవ్వలేదు.

సింహం ఒక పొద కింద పడుకుని ఉంది. ముసలిది. ముఖం నిండా ఈగలు. వ్యాన్ ఆపినా తల ఎత్తలేదు. అంతే. సింహం సంగతి అంతే పిల్లలూ.

దిగడానికి ఒక్కచోటే ఒప్పుకుంటారు. ఏటి ఒడ్డున, తుపాకీ పట్టుకున్న కాపలా అతను ఉన్న చోట. మిగతావాళ్ళు బ్యానరు విప్పుతున్నారు. రాజమల్లు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

‘సిస్టరమ్మా, నా పాస్‌పోర్టు ఇయ్యుండ్రి.’

దేనికని నేను అడగలేదు. అతనే చెప్పాడు. సాయంత్రం బొంబాయి విమానం ఉందట. వ్యాన్ దిగగానే అడిగితే, టికెట్ సంగతి తను చూస్తానని సేఠ్ మాటిచ్చాడట.

‘మీ అమ్మ లేచి తిరుగుతోందేమోనయ్యా. ఊరికే కంగారు పడుతున్నావేమో.’

‘లేస్తె టేపుల మాట్లాడుతుండె గద.’

‘నేను సంతకం పెట్టి తీసుకొచ్చాను రాజమల్లూ, అందర్నీ తీసుకొస్తానని.’

‘మీరు వెట్టిన్రు. నేను వెట్టలే. పాస్‌పోర్టుల ఫోటో నాది, పేరు మా అయ్య వెట్టింది.’

‘నిన్ను మళ్ళీ బహ్రెయిన్ రానివ్వరు. పారిపోయాడని రాసేస్తారు.’

‘ఎరుకే.’ ఏటి వైపు తిరిగాడు. ‘అయ్యకు మా పాలోడు కొరివి వెట్టిండు. అవ్వకు గూడ ఆయిననే వెట్టుమందునా?’

నా దగ్గర ఉన్నవి భయాలు. మీ అమ్మ అప్పుడు కాకినాడలో ఇంటర్ చదువుతోంది, నా ఒక్క జీతం మీద. ఇతను వెళ్ళిపోతే కఫీల్ ముందు నిలబడాల్సింది నేను. వచ్చే ఏడు శిబిరం ఉండకపోవచ్చు. అది తర్వాత తెలిసిన సంగతి కాదు, ఆ ఏటి ఒడ్డునే తట్టింది. వాంజికు రెండో కంటి మీద పెట్టి చూపించిన వేలు కూడా గుర్తొచ్చింది.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన కెమెరా లోంచి తల తియ్యకుండా, ‘నేను జిరాఫీని ఫోటో తీసుకుంటున్నాను సిస్టర్. నాకేమీ వినపడలేదు’ అన్నారు. అక్కడ జిరాఫీ లేదు. ఆయనకీ పిల్లలున్నారు. నేను తప్పు పట్టలేదు.

సంచి ముడి విప్పాను. అన్ని పాస్‌పోర్టులకీ ఒకటే నీలం అట్ట. ఒక్కొక్కటే తెరిచి ముఖాలు చూసుకుంటూ అతనిది తీశాను. రాజమల్లు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రెండు చేతులతో అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నాడు. దణ్ణాలూ కన్నీళ్ళూ ఏమీ లేవు.

‘డ్రమ్ముల కిటికీలు మూసిన. గని తొవ్వల తెరుసుకుంటయేమో. అక్కడ దించినంక మల్ల ఒకసారి ఉడుకవెట్టుండ్రి. టేపును జూసి నమ్మకుండ్రి’ అన్నాడు.

సరేనన్నాను. ఈలోగా ఫోటోకి పిలిచారు. బ్యానరు కుడి కొస రాజమల్లు పట్టుకున్నాడు. వెనక ఏ జంతువూ లేదు, ఏరొక్కటే ఉంది.

విమానాశ్రయంలో మేం ఒక వరుసలో నిలబడ్డాం, అతను ఇంకో వరుసలో. ఒక్కసారి చెయ్యి ఎత్తాడు.

బహ్రెయిన్ చేరాక నన్ను కఫీల్ బుదైయాలో ఉన్న తన ఇంటికి పిలిపించాడు. తోటలో కుర్చీ వేయించి, గహ్వా అనే అరబ్బుల కాఫీ పోయించాడు. అరవలేదు. పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు. నా దగ్గరే అన్నాను. అతను తీసుకున్నాడా, నువ్విచ్చావా అన్నాడు. నేనే ఇచ్చాను, వాళ్ళమ్మ చావుబతుకుల్లో ఉందని చెప్పాను. ఆయన చేతిలోని తస్బీ, అంటే జపమాల, పూసలు తిప్పుతూ, ‘నాకు చెప్తే నేను పంపేవాణ్ణి సిస్టర్’ అన్నాడు. ఆ మాట ఆయన నిజంగా నమ్మి అన్నాడనే నాకు అనిపించింది. తర్వాత, ‘ఆఫ్రికా ఖలాస్’ అన్నాడు. అయిపోయిందని. ఆ ఏడు నా లీవు అడిగితే అగలా మహీనా అన్నాడు. మీ అమ్మ ఇంటర్ పరీక్షలు రాసినప్పుడు నేను ఇంట్లో లేను.

ఫోటో మాత్రం హాల్లో పెట్టించారు. పారిపోయినవాడి ముఖం ఉండకూడదని కుడివైపు కత్తిరించి ఫ్రేము కట్టించారు. దాంతో ఆసుపత్రి పేరులో చివరి ముక్క కూడా పోయింది. నేను అక్కడ పనిచేసినంత కాలం అది అలాగే వేలాడింది.

డ్రమ్ములు నేనే మళ్ళీ ఉడికించాను. ఒకదాని కిటికీ నిజంగానే దారిలో తెరుచుకుంది.

మరుసటి ఏడు సేఠ్ ఫోన్ చేశాడు. శిబిరం ఎప్పుడని. లేదని చెప్పాను. జనం బడికి వచ్చి కూర్చుంటున్నారనీ, కట్టు విప్పిన సిస్టర్ మాటిచ్చిందని ఒక ముసలామె రోజూ వస్తోందనీ చెప్పాడు. పేరు నేను అడగలేదు. తర్వాత ఇంకెవరైనా వెళ్ళి ఆ కళ్ళు బాగుచేశారో లేదో నాకు తెలీదు.

రాజమల్లు నుంచి కేసెట్ చాలా నెలలకి వచ్చింది. లాండ్రీ పై గదికి వచ్చిన కొత్త మనిషి తెచ్చి ఆసుపత్రి గేటు దగ్గర నా చేతికిచ్చాడు. అవ్వ బతికుండగానే చేరానని చెప్పాడు రాజమల్లు. ఆమె గుర్తుపట్టింది. ‘మల్ల ఎప్పుడు పోతవ్ బిడ్డా’ అని అడిగింది. ఇగ పోనవ్వా అంటే నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ అదే అడిగి, ఆ వారంలోనే పోయింది. కొరివి తనే పెట్టాడు. ఇంకే దేశమూ వెళ్ళే దారి లేదు, ఏజెంట్లు తన పేరు వింటేనే వద్దంటున్నారట. ‘ఇప్పుడు రైస్‌మిల్లుల బాయిలర్ కాడ ఉన్న. గిదీ ఆవిరి పనే గద సిస్టరమ్మా, గని టేపు అంటియ్యనక్కెర లేదు’ అన్నాడు. తర్వాత ఇంకేం చెప్పాలో తోచలేదేమో. మాటలు ఆగిపోయాయి గానీ టేపు ఆపలేదు. కోళ్ళ చప్పుడు, బోరింగు చప్పుడు. అయిపోయేదాకా విన్నాను.

నేను పాస్‌పోర్టు ఇవ్వడం సరైనదా కాదా అని నన్నడగకండి. ఒకరి తల్లి కడసారి చూపునీ ఇంకొకరి రెండో కంటినీ తూచే త్రాసు నా దగ్గర లేదు. ఆ ఉద్యోగంలో నేను తెలుసుకున్నది మాత్రం చెప్పగలను. ఆ ఏటి ఒడ్డున ఇద్దామా వద్దా అని ఆలోచించాల్సిన అవసరమే నాకు వచ్చి ఉండకూడదు. అతని పాస్‌పోర్టు నా సంచిలో ఉండబట్టే వచ్చింది. తర్వాత ఇంకో బృందానికి లీడర్‌గా వెళ్ళమన్నప్పుడు, ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంటే వెళ్తానన్నాను. వాళ్ళు వేరే సిస్టర్‌ని పంపించారు. రిటైరయ్యేదాకా నేను ఇంకొకరి పాస్‌పోర్టు పట్టుకోలేదు, రోగులకి వచ్చే ఏడు అని చెప్పలేదు.

పోయిన శీతాకాలం మీ ఇంటికి వచ్చినప్పుడు, శాలువా కోసం మీ అమ్మ బీరువా తెరిచాను. పై అరలో మీ పాస్‌పోర్టులు ఉన్నాయి. వాటి కింద లక్ష్మిది ఉంది. తన దగ్గరుంటే పోగొట్టుకుంటుందమ్మా, భద్రంగా ఉంటుందని పెట్టాను అంది మీ అమ్మ. మీ అమ్మ మంచిది, లక్ష్మికి ఏ లోటూ చెయ్యదు. ఇచ్చెయ్యవే అన్నాను. వచ్చే నెల చూద్దాంలే అంది.

ఇది లక్ష్మి చేత చదివించుకున్నా నాకు అభ్యంతరం లేదు. ముందు లక్ష్మి పాస్‌పోర్టు ఇచ్చెయ్యమని మీ అమ్మని అడగండి. మళ్ళీ వచ్చే నెల అంటే, ఆ బీరువా తాళం ఎక్కడ పెడుతుందో మీకు తెలుసు.